మూడు గంటల దూరం

గుమ్మఘట్ట దగ్గర ఎర్రవంకపల్లిలో ప్రభుత్వం పని ఏదొచ్చినా కేశవే చేసేవాడు. పశువుల లెక్క, జనాభా లెక్క, ఓటర్ల జాబితా, పోలియో చుక్కల పట్టిక, అన్నీ అతనివే. ఇంటర్ తప్పి ఊళ్ళో ఉండిపోయిన మనిషి. చేతిరాత మాత్రం అచ్చు వేసినట్టు ఉండేది. మండలాఫీసు వాళ్ళు పేరు చివర సున్నా చుట్టడం కూడా అతన్ని చూసి నేర్చుకోవాలని అనేవారు. పని ఉన్న రోజుకు ఇంత అని చేతిలో పెట్టేవారు, పని లేని రోజుకు లేదు. ఊళ్ళో అందరూ అతన్ని లెక్కల కేశవ అని పిలిచేవారు. ఆ పేరు వినగానే విసుక్కునేవాడు, ఎవరైనా పిలవకపోతే మాత్రం చిన్నబోయేవాడు.

అతనికి ఐదెకరాల మెట్ట ఉంది. అందులో వేరుశనగ వేసేవాడు. వాన పడితే కాయ, పడకపోతే పశువుల మేతకు ఎండు కట్టె. రెండువేల రెండులో కట్టె కూడా సరిగా రాలేదు. ఆ ఏడే అతని భార్య ఈశ్వరి రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకొని బెంగుళూరు బస్సెక్కింది. అక్కడ ఆమె అక్క ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది, చెల్లెలికీ అదే వరుసలో ఒక మిషను చూపించింది.

కేశవ కూడా వెళ్ళాడు. అబద్ధం ఎందుకు, ఐదు నెలలు ఒక పెద్ద బిల్డింగు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. అక్కడ అతన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. గేటు తీయమని హారన్ కొట్టేవారు, అంతే. ఊళ్ళో తాసీల్దారు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్న మనిషికి అది సహించలేదు. చేను పాడవుతోందని చెప్పి తిరిగొచ్చేశాడు. చేను అంతకుముందే పాడైంది, అది వేరే సంగతి.

అప్పటినుంచి ఇంట్లో ఒక్కడే. పొద్దున ఒకసారి సంగటి కెలికి రెండు పూటలా తినేవాడు. ఊరుబిండి పచ్చడి నూరుకోవడం నేర్చుకున్నాడు గానీ ఉప్పు ఎప్పుడూ ఎక్కువయ్యేది, ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. మాట్లాడాలనిపిస్తే రేడియో పెట్టేవాడు. ఒకసారి నాలుగు రోజులు జ్వరంతో పడుకుంటే, పక్కింటివాళ్ళు అతను సర్వే పని మీద ఊరెళ్ళాడనుకున్నారు. ఆ నాలుగు రోజుల సంగతి అతను ఈశ్వరికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే తనే ఓడిపోయినట్టు అవుతుందని అతని బాధ.

ఈశ్వరి రెండు నెలలకోసారి వచ్చేది. శనివారం సాయంత్రం షిఫ్టు దిగి, మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కి, తెల్లవారేసరికి రాయదుర్గంలో దిగి, అక్కడ మొదటి పల్లె బస్సు పట్టుకునేది. ఇంటికి చేరేసరికి ఆదివారం పొద్దు బాగా ఎక్కేది. మళ్ళీ మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ప్రయాణం. మధ్యలో ఉన్న ఆ కాసేపట్లో గిన్నెలు తోమి, దుప్పట్లు ఉతికి, ఒక గంట కునుకు తీసేది. ఆమె నిద్రపోతుంటే కేశవ పక్కన కూర్చొని చూసేవాడు. మొగుడూ పెళ్ళాల కాపురం రెండు నెలలకు ఐదారు గంటలు, అందులో ఒక గంట నిద్ర. దీనంతటికీ కారణం దూరమేనని అతని నమ్మకం. బస్సులు, బస్టాండులు, ఆ గతుకుల రోడ్డు, ఇవి లేకపోతే ఈశ్వరి ప్రతి శనివారం రాత్రికి ఇంట్లో ఉండేదని లెక్క కట్టుకున్నాడు.

ఇక అసలు సంగతికి రావాలంటే రేషను కార్డుల తనిఖీ గురించి చెప్పాలి. అది ఈశ్వరి వెళ్ళిన మరుసటి ఏడు, కేశవ ఊరికి తిరిగొచ్చిన కొత్తలో జరిగింది. ఇంట్లో నిజంగా ఎవరున్నారో చూసి రాయమన్నారు, కాగితాలు కేశవ చేతికిచ్చారు. కేశవ నిజాయితీపరుడు, ఆ జబ్బు అతనికి మొదటినుంచీ ఉంది. ముప్పై ఒక్క ఇళ్ళలో మనుషులు బెంగుళూరులో ఉన్నారని ఉన్నదున్నట్టు రాశాడు. లేనివాళ్ళ పేర్లు కార్డుల నుంచి పోయాయి, వాళ్ళ బియ్యమూ పోయింది. కరువు పనుల జాబితాలో కూడా వాళ్ళకు చోటు దొరకలేదు. ఊరు అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అతను కనిపిస్తే మాటలు ఆపడం మొదలుపెట్టారు.

అప్పటినుంచి ఊరికి ఒక అలవాటు అయింది. జీపు చప్పుడు వినిపించిందంటే చాలు, వలస పోయినవాళ్ళ చొక్కాలు, లుంగీలు, చీరలు పెట్టెల్లోంచి తీసి, నీళ్ళలో ముంచి, ఇంటి ముందు తాడు మీద ఆరేసేవారు. ఉతికిన బట్టలు ఆరుతుంటే మనుషులు ఇంట్లో ఉన్నట్టే కదా. బెంగుళూరులో సిమెంటు మోస్తున్న వాడి చొక్కా ఎర్రవంకపల్లిలో నీళ్ళు కారుతూ ఉండేది. తాగడానికి బిందెడు నీళ్ళకు మైలు నడిచే ఊళ్ళో వాటికి మాత్రం నీళ్ళు దొరికేవి.

రెండువేల ఏడు ఫిబ్రవరిలో ఒక కొత్త జీపు వచ్చింది. అందులోంచి విష్ణువర్ధన్ అనే కుర్ర ఆఫీసరు దిగాడు. అనంతపురం వాడే, అర్థశాస్త్రం చదివి రైలు మార్గాల సర్వే చేసే ఒక కంపెనీలో చేరాడు. బళ్లారి నుంచి బెంగుళూరుకు గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే రైలు లైను వేస్తే గిట్టుబాటవుతుందా లేదా అని చూస్తున్నారు. రెండు దారులు ఆలోచనలో ఉన్నాయి. ఒకటి చిత్రదుర్గం వైపు నుంచి, ఇంకొకటి మన రాయదుర్గం మీదుగా. మన దారిలో పడితే రాయదుర్గంలో స్టేషను. ఊరి నుంచి బెంగుళూరుకు, పల్లె బస్సుతో కలిపి, మూడు గంటలు.

ఊళ్ళో సర్వేకు మనిషి కావాలంటే మండలాఫీసు వాళ్ళు కేశవ పేరే చెప్పారు. విష్ణువర్ధన్ స్కూలు వరండాలో కూర్చోబెట్టి అతనికి పని నేర్పాడు. లైను వేయడానికి వేల కోట్లు అవుతాయి, టికెట్ల మీద ఆ డబ్బు తిరిగి రాదు, అలా చూస్తే ఏ లైనూ వేయలేం అన్నాడు. వేరే విధంగా చూడాలట. ఏడు గంటల ప్రయాణం మూడు గంటలైతే ఒక్కో మనిషికి నాలుగు గంటలు మిగులుతాయి. ఆ గంటలకు ఒక ధర ఉంది. కూలివాడి గంట కూడా గంటే. రోగిని పెద్దాసుపత్రికి చేర్చిన గంట ఇంకా విలువైంది. కాయ ధర పలికే మార్కెట్టుకు రైతు పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగితే అదీ లాభమే. ఊరు విడిచి వెళ్ళాల్సిన వాడు ఊళ్ళోనే ఉండి పట్నంలో సంపాదించగలిగితే, ఖాళీ ఇళ్ళు, ఖాళీ బడులు మళ్ళీ నిండితే, అదంతా దేశానికి వచ్చే ఆదాయం. ఇవన్నీ ముప్పై ఏళ్ళకు కూడి చూస్తే లైను ఖర్చును దాటాలి. దాటాలంటే ముందు ప్రయాణం చేసేవాళ్ళు ఉన్నారని కాగితం మీద కనపడాలి.

ఒక మనిషి ఒంటరిగా గడిపిన గంటలకు ఏమైనా ధర కడతారా అని కేశవకు అడగాలనిపించింది. అడగలేదు. కానీ ఆ రోజు ఇంటికి నడిచిన నడకే వేరు. ఐదేళ్ళలో మొదటిసారి ప్రభుత్వం కాగితం ఒకటి తన కోసం వచ్చిందనిపించింది. ఈ లెక్క సరిగా రాస్తే రైలు వస్తుంది, రైలు వస్తే ఈశ్వరి వస్తుంది. రైలు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు, పాపం, అంత ఆశ పడ్డాడు.

మర్నాడు కాగితాలు పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఊరంతా చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

జీపు వచ్చి వెళ్ళింది కదా. ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట, ఎవరూ ఎక్కడికీ పోలేదు, అందరూ ఇక్కడే ఉన్నారు. ఇది బియ్యం సంగతి కాదు, రైలు సంగతి అని మొత్తుకున్నాడు. రైలు మాకెందుకప్పా, మేమేమన్నా యాడికైనా పోతామా అన్నారు. పైగా ఉపాధి హామీ కార్డులు కొత్తగా ఇచ్చిన రోజులవి, ఊళ్ళో లేడని తెలిస్తే అవి కూడా పోతాయని భయం. తొంభై ఇళ్ళు తిరిగితే ప్రయాణాల గడిలో తొంభై సున్నాలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళు తప్ప మనిషి కనిపించని వీధిలో, నిండు కుటుంబాలు రాసుకుంటూ తిరిగాడు.

విష్ణువర్ధన్ వారం తర్వాత వచ్చి ఆ కాగితాలు తిరగేశాడు. అతను మంచివాడు, కోప్పడలేదు. ఈ వైపు ఊళ్ళన్నీ ఇలాగే ఉన్నాయని, మనుషులు కదలని చోటికి రైలు వేయమని తను రాయలేనని చెప్పాడు. చిత్రదుర్గం వైపు బస్టాండులో నిలబడితేనే వేల మంది లెక్కకు వస్తున్నారట. ఇంకో పదిహేను రోజులు గడువిచ్చి, వచ్చే నెల మొదటి సోమవారం కాగితాలు తీసుకుంటానన్నాడు.

ఆ సాయంత్రం కేశవ చౌడమ్మ ఇంటికి వెళ్ళాడు. చౌడమ్మకు డెబ్బై ఏళ్ళు, ఇద్దరు కొడుకులూ కోడళ్ళూ బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్నారు. ఆమె నిజం చెబితే ఊరంతా చెబుతుంది, ఆమె మాటకు అంత విలువ. తాడు మీద రెండు నీలం చొక్కాలు ఆరుతున్నాయి. కొడుకులు గుట్టకాడ గొర్రెలు మేపుతున్నారని ఆమె మొదలుపెట్టింది. కేశవ అరుగు మీద కూలబడి, నిజం చెప్పవ్వా, ఈ ఒక్కసారి చెప్పు అని బతిమాలాడు.

చౌడమ్మ అతని ఇంటి వైపు చెయ్యి చూపించింది.

"అప్పుడు మావోళ్ళ పేర్లు కొట్టేస్తివి. నీ పెండ్లాం చీర మాత్రం తాడు మీద ఏసుకుంటివి. పచ్చ చీర. నేను సూడలేదనుకున్న్యావా?"

నిజమే. ముప్పై ఒక్క ఇళ్ళకు ఉన్నదున్నట్టు రాసినవాడు ముప్పై రెండో ఇంటికి, అంటే తన ఇంటికి, ఈశ్వరి ఇంట్లోనే ఉందని రాసుకున్నాడు. బియ్యం కోసం కాదు. పేరు కొట్టేస్తే ఆమె నిజంగానే వెళ్ళిపోయినట్టు ఉంటుందని చెయ్యి రాలేదు. పై ఆఫీసరు వచ్చి చూస్తాడేమోనని పచ్చ చీర తడిపి ఆరేశాడు. ఊళ్ళో ఈ విద్య మొదలుపెట్టింది అతనే. మిగతావాళ్ళు అతని తాడు చూసి నేర్చుకున్నారు.

ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఆ రాత్రి అతనికి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మర్నాడు అతను మండలాఫీసుకు వెళ్ళి, తన భార్యా కూతురూ ఐదేళ్ళుగా ఊళ్ళో లేరని, కార్డులోంచి వాళ్ళ పేర్లు తీసేయమని అర్జీ రాసిచ్చాడు. గుమాస్తా నవ్వాడు, పేరు చేర్చమని వచ్చేవాళ్ళేగాని తీసేయమని వచ్చినవాళ్ళను చూడలేదన్నాడు. పేర్లు తీసేసినట్టు సంతకం చేసి ఒక కాగితం ఇచ్చాడు. కేశవ ఆ కాగితం, కార్డు తెచ్చి చౌడమ్మ చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. వేలితో తడిమి, గీత ఎక్కడ కొట్టారో చూపించమంది. చూపించాడు. ఆమె లేచి వెళ్ళి తాడు మీది చొక్కాలు తీసి మడత పెట్టింది.

"రాసుకో. పెద్దోడు నెలకొకసారి వస్తాడు. చిన్నోడు యుగాదికి తప్ప రాడు. రైలుంటే వాడూ వస్తాడేమో."

అంతే, ఊరు నోరు తెరిచింది. కార్డులకు ఏమీ కాదని కేశవ మాట ఇచ్చాడు, తన ఇంటివాళ్ళ పేర్లే తీయించుకున్న మనిషి కాబట్టి ఈసారి నమ్మారు. అరవై నాలుగు ఇళ్ళ నుంచి నూట డెబ్బై మంది వలస. ఒకామె కాన్పుకు బస్సులో పడ్డ బాధ చెప్పింది. కణేకల్లు వైపు నుంచి కోడలుగా వచ్చిన ఒక పిల్ల, మొగుడి ముఖం ఏడాదిలో పదకొండు రోజులు చూశానని వేళ్ళు మడిచి చెప్పింది. కాగితంలో చివరి ప్రశ్న ఒకటి ఉండేది. ప్రయాణం మూడు గంటలే అయితే నెలకు ఎన్నిసార్లు చేస్తారు? దానికి జవాబు ప్రయాణం చేసే మనిషే చెప్పాలి, ఇంకొకరు ఊహించి రాయకూడదు అని నిబంధన. కేశవ రాయదుర్గం వెళ్ళి, టెలిఫోన్ బూతు నుంచి కొందరికి ఫోన్లు చేసి మరీ అడిగాడు. నాలుగు అన్నారు, రెండు అన్నారు, ఒకడు రోజూ వస్తానన్నాడు. రాస్తుంటే కేశవ చెయ్యి ఆగలేదు.

తన ఇంటి కాగితం మాత్రం అట్టే పెట్టాడు. ఈశ్వరిని ఎదురుగా కూర్చోబెట్టి అడగాలని అతని కోరిక. ఆమె నాలుగు అంటుంది, ఆ నాలుగు తను రాయాలి. సోమవారం విష్ణువర్ధన్ వస్తాడనగా ఆదివారం పొద్దున ఆమె వచ్చింది, పక్కన ఏడేళ్ళ పుష్పావతి.

బస్సులోనే ఎవరో ఆమెకు కార్డు సంగతి చెప్పేశారు. కేశవ భయపడ్డాడు, కోప్పడుతుందేమోనని. ఆమె పేర్లు తీసేసినట్టు ఇచ్చిన ఆ కాగితం ఏదీ అని అడిగి తీసుకుని, రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. ఇక్కడ పేరు తీసేసినట్టు రాత ఉంటేనే అక్కడ కార్డు ఇస్తారట. అక్కడ కార్డుంటే పాపకు బడిలో ఫీజు ఉండదట. రెండేళ్ళుగా అడుగుదామనుకుని, అతను బాధపడతాడని అడగలేకపోయానని చెప్పింది. మంచి పని చేసినావు బావా అంది. కేశవకు ఆ మెచ్చుకోలు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

గిన్నెలు తోమడం అయ్యాక ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. పెన్ను మూత తీసి, ఊరందరినీ అడిగినట్టే, పేరు, వయసు, పని అన్నీ వరసగా అడిగాడు. ఆమె నవ్వుతూ చెప్పింది. చివరి ప్రశ్న, మూడు గంటలైతే నెలకు ఎన్నిసార్లు అన్నది, కాగితం చూడకుండానే అడిగాడు.

"నీ రైలుకు మంచిదైతే నాలుగని రాసుకో," అంది ఈశ్వరి.

"రైలుకు కాదు. నిజం చెప్పు."

ఆమె నవ్వు ఆపింది. చేతుల తడి కొంగుకు తుడుచుకుంది.

"నిజమైతే ఇప్పుడొచ్చినన్నే బావా. ఆదివారమొకటే నేను కాళ్ళు చాపుకొనేది. బస్సు ఏడు గంటలని నేను రాకుండా ఉన్న్యానా? ఈడికొస్తే మళ్ళా పనే కదా." తర్వాత మెల్లగా అడిగింది. "ఆ బస్సు ఈడ్నుంచి ఆడికి కూడా పోతాది. ఐదేండ్లలో నువ్వెన్నిసార్లు ఎక్కినావు?"

కేశవ మనసులో లెక్కపెట్టాడు. పాపకు కామెర్లు వచ్చినప్పుడొకసారి. వాళ్ళక్క ఇల్లు మారినప్పుడొకసారి. తొంభై ఇళ్ళ రాకపోకలు నోటికి చెప్పగల మనిషి, తన రెండు ప్రయాణాలను ఇంతవరకూ ఏ కాగితం మీదా కూడి చూసుకోలేదు.

"రెండు," అన్నాడు.

"మూడు గంటలైతే ఎన్నిసార్లొస్తావు? అది రాయి ముందు."

వేరుశనగ వేసే కాలంలో కదలలేనని, మండలాఫీసు వాళ్ళు ఎప్పుడు పిలుస్తారో తెలియదని, ఊళ్ళో తను లేకపోతే కాగితాలు చూసేవాళ్ళు లేరని అతను చెప్పుకుపోయాడు. ఈశ్వరి కోపం లేకుండానే విన్నది. అతని చేతిలోని కాగితం వైపు గడ్డంతో చూపించింది.

"కారణాలు రాసేదానికి అందులో గడి ఉండాదా?"

లేదు. అతను పెన్ను మూత పెట్టాడు. ఆమె లేచి పాపకు తల దువ్వింది, సంచి సర్దింది, అతని కోసం రాత్రికి సంగటి కెలికి మూత పెట్టింది. ఆ ఇంట్లో ముగ్గురున్న ఆ మధ్యాహ్నం అతనికి ఎప్పుడూ లేనంత ఒంటరితనం అనిపించింది. జ్వరంతో పడుకున్న నాలుగు రోజులు కూడా ఇంత లేదు. అప్పుడు దూరాన్ని తిట్టుకోవడానికి వీలుండేది.

రెండు గంటలకు బస్సు వచ్చింది. సంచి తనే మోసుకెళ్ళి లోపల పెట్టాడు. పుష్పావతి కిటికీ పక్కన కూర్చుంది, ఈశ్వరి ఇవతలికి కూర్చుంది. అది ముగ్గురు పట్టే సీటు. ఈశ్వరి కొంచెం లోపలికి జరిగింది, ఎందుకు జరిగిందో చెప్పలేదు, అతని వైపు చూడలేదు కూడా. కేశవ సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదలడానికి సిద్ధంగా ఊగుతోంది. కండక్టరు వచ్చి టికెట్ల పుస్తకం తీసి, అతని మొహం చూశాడు.

"రాయదుర్గానికి ఎన్నన్నా?"

"ఒకటిన్నర," అన్నాడు కేశవ. చిల్లర ఇచ్చి, కిందికి దిగాడు.